పొద్దున పుట్టిన వంక

పెళ్లయి నలభై రోజులే అయిన ధనుశ్రీకి లోకంలో ప్రతిదీ తన కోసమే జరుగుతున్నట్టుండేది. బస్సు టైముకొస్తే తన కోసం, ఉప్మా మాడకపోతే తన కోసం. అందుకే నిన్నటిదాకా ఎండిపోయి ఉన్న నిడుగల్లు వంక ఆరోజు గలగలా పారుతుంటే ఆమెకు అనుమానమే రాలేదు.

ఆమె హైస్కూల్లో కొత్త సైన్సు టీచరు. పురుగులను బట్టి నీటి మంచిచెడ్డలు తేల్చే పాఠం కోసం తొమ్మిదో తరగతి పిల్లలను తీసుకొచ్చింది. రాళ్ల కింద మూడు తోకల పిల్లపురుగు కనబడితే నీళ్లు మంచివి. ఎర్రపురుగులు తప్ప ఇంకేమీ లేకపోతే మురికివి. ఇది సరిగ్గా జరిగితేనే ఇంకో ట్రిప్పుకు ఒప్పుకుంటానని చెప్పి, హెడ్మాస్టరు రామాంజినప్ప గొడుగేసుకుని వెంట వచ్చాడు.

టీ వడగట్టే జల్లెడలతో గంటసేపు వెతికారు.

"మిస్, దోమపిల్ల గూడా లేదు" అంది నేత్రావతి.

ధనుశ్రీ గుండె జారింది, అంతలోనే ఉప్పొంగింది. ఒక బండరాయి మీదికెక్కి చేయెత్తింది. "పిల్లలూ, ఇది చచ్చిన వంక! పురుగైనా బతకలేనంత విషం! దీనికి కారకులెవరో..." గొంతు పూడుకుపోయింది. అది అంత అందంగా పూడుకుపోగలదని ఆమెకూ అప్పుడే తెలిసింది.

గొర్రెలు తోలుకొస్తున్న సుంకమ్మ ఆగి నవ్వింది. "కారకుడు మీ ఇంట్లోనే ఉండాడు తల్లీ. వంక ఎండిందని నువ్వు నిన్న అన్నం తిన్లేదంట గదా? మీ ఆయన యోగీశప్ప సోలారు పలకలు కడిగే నీళ్ల ట్యాంకరు తెచ్చి, పొద్దన్నుంచీ ఆ మలుపుకాడ పోస్తానే ఉండాడు. పుట్టి మూడు గంటలన్నా కాని వంకలోకి పురుగులు యాడనుంచి వస్తాయి?"

ఆ మాటతోనే పారే నీళ్లు సన్నబడి ఆగిపోయాయి. మలుపు అవతలి నుంచి ఒక సంతోషమైన గొంతు వినిపించింది.

"ధనూ! ఇంకోటి తేనా?"

పిల్లలు నవ్వుతూ బండల మీద పడి దొర్లారు. ధనుశ్రీ చెవులు కాలిపోయాయి. మొగుణ్ణి తిట్టాలో, పరుగున పోయి వాటేసుకోవాలో ఆమెకు తేలలేదు. హెడ్మాస్టరు ఉన్నాడు కాబట్టి రెండూ మానేసింది.

"చచ్చిన వంక అని రాసింది కొట్టేయండి" అంది పిల్లలతో. "పురుగులు నిజమే చెప్పినాయి. అర్థంకానిది నాకే. అవ్వా, నీ గొర్రెలు నీళ్లు యాడ తాగుతాయి?"

సుంకమ్మ బండల సందులో ఊట చూపించింది. నేత్రావతి రాయి తిప్పింది. మూడు తోకలు ఆడించుకుంటూ గోరంత ప్రాణి!

రామాంజినప్ప కళ్లద్దాలు సర్దుకుని వంగి దాన్ని చూశాడు. "వచ్చేసారి ట్యాంకరు లేకుండా రాండమ్మా" అన్నాడు, విసుగ్గా.

ధనుశ్రీకి విసుగు వినబడలేదు. ట్యాంకరు మాటా వినబడలేదు. వచ్చేసారి అన్నాడు!