పొద్దున్నుంచీ కూర్చున్న వాక్యం

నేను ఒక నల్లబల్లను. తెనాలిలో మందుల కొట్టు మేడ మీద, స్పోకెన్ ఇంగ్లీషు నేర్పే గదిలో, గోడకు మేకులతో బిగించి ఉన్నాను. వడ్రంగి నాకు నల్లరంగు పూసిన రోజున, ఇక రోజుకో కొత్త మాట మోస్తానని మురిసిపోయాను. ఆశకు అంతెక్కడ!

మా దైవాధీనం మాస్టారికి ప్రెజెంట్ పర్ఫెక్ట్ కంటిన్యువస్ టెన్సంటే ఒకటే ఉదాహరణ. ప్రతి బ్యాచికీ అదే రాయలేక విసుగెత్తి, ఒకనాడు తెల్ల పెయింటుతో నా నెత్తిన రాసేశారు: 'ఐ హావ్ బీన్ సిట్టింగ్ హియర్ సిన్స్ మార్నింగ్.' పొద్దున్నుంచీ ఇక్కడే కూర్చుని ఉన్నానని. మొదలైన పని ఇంకా సాగుతూనే ఉంటే అలా చెప్పాలట. ఇక డస్టరు ఎంత రుద్దినా అది వదలదు. పిల్లలూ దాన్ని వదల్లేదు. ఏమడిగినా అదే జవాబు.

వాళ్లలో నాగమల్లేశ్వరి ఒకతె. చీరల కొట్టులో సేల్స్ గర్ల్. అక్కడ కొనేవాళ్లకు కూర్చోడానికి పరుపులుంటాయి, అమ్మేవాళ్లకు స్టూలు కూడా ఉండదు. ఆసుపత్రిలో రిసెప్షన్ ఉద్యోగమైతే కుర్చీ ఇస్తారని ఆ పిల్ల ఆశ. అందుకే కొట్టు తెరవకముందే వచ్చి నా ముందు వల్లించేది.

ఒక ఆసుపత్రి ఇంటర్వ్యూలో "ఇప్పుడేం పని చేస్తున్నావు?" అని ఇంగ్లీషులో అడిగారట. కంగారులో నా నెత్తి మీది మాటే చెప్పేసింది. వాళ్లు పగలబడి నవ్వి, "కూర్చుంది చాల్లేమ్మా, ఇక వెళ్లు" అన్నారట.

మర్నాడు వచ్చి నన్ను అరచేత్తో ఒక్కటి చరిచింది.

"ఎవరండీ మాస్టారూ పొద్దున్నుంచీ కూర్చుంది? టెన్త్ అయిన కాడ్నించీ నిలబడే ఉన్నా! కాళ్లు చూడండి, బూరెల్లా పొంగాయి!"

తప్పించుకుందామంటే నాకు కాళ్లే లేవు. సిగ్గుతో చచ్చిపోయాను.

మాస్టారు కుర్చీలోంచి లేచి, "అదే ఇంగ్లీషులో చెప్పమ్మా" అన్నారు మెల్లగా.

ఏడుస్తూ, తడుముకుంటూ చెప్పింది. ఆ గదిలో బట్టీ పట్టని మాట వినడం నాకదే మొదలు.

ఇంకో ఆసుపత్రి ఇంటర్వ్యూలో ఈ నిలబడ్డ మాటే చెప్పిందట. ఉద్యోగమిచ్చారు, కుర్చీతో సహా!

ఆ సంతోషంలో మాస్టారు పాత వాక్యాన్ని బ్లేడుతో గీకేశారు. హమ్మయ్య, విడుదల అనుకున్నాను. తీరా చూస్తే చేతిలో మళ్లీ పెయింటు డబ్బా! టెన్త్ అయినప్పటి నుంచీ నిలబడే ఉన్నానన్న ఆ పిల్ల ఇంగ్లీషు మాట అక్కడే దిట్టంగా రాశారు.

ఇప్పుడు కొత్త బ్యాచి దాన్ని వల్లిస్తోంది, హాయిగా బెంచీల మీద కూర్చుని. మల్లేశ్వరి కూడా కూర్చునే ఉంటుంది పాపం, కాళ్లు చాపుకుని. ఆ మాట నిజమైంది ఇక్కడ నాకొక్కదానికే, కాళ్లు లేకపోయినా మేకుల మీద నిలబడే ఉన్నాను.