తడి గోనె

చుక్క.

గోనె అంచు నుంచి ఒక్క చుక్క. కాలిన ఇనుము మీద పడి — చుస్సుమంది. ఆవిరైంది.

ఇంకో చుక్క.

తడి గోనె వాసన. వనజకు ఆ వాసన పుట్టినప్పటి నుంచి తెలుసు. తునికాకు మీద కప్పే గోనె అది. ఆకు ఎండితే పెళుసవుతుంది. కత్తెర తగలగానే చిట్లుతుంది. చిట్లిన ఆకు బీడీకి పనికిరాదు. అందుకే ఎల్లారెడ్డిలో, లింగంపేటలో, బీడీలు చుట్టే ప్రతి ఇంట్లో ఆకు కట్ట మీద తడి గోనె ఉంటుంది. బిడ్డకు దుప్పటి ఉన్నా లేకున్నా ఆకుకు గోనె ఉంటుంది.

ఆ గోనెను వనజ కారుకు కప్పింది.

ఇంజనుకు.

మే నెల. గాలి కూడా కాలుతోంది. బండి ముసలిది — పాత మారుతి, బీడీ కార్మికుల సంఘం బండి, నెత్తిన మైకు, పక్కన రంగు వెలిసిన ఎర్ర గీత. ఎండకు పెట్రోలు ఇంజను పక్క పంపులోనే ఆవిరైపోతుంది, పంపు మీద తడిబట్ట వెయ్యమని ఎవరో డ్రైవర్ చెప్పాడు. అతను బట్ట అన్నాడు. వనజకు తడి అంటే గోనె.

వేసింది. అప్పటి నుంచి బండికి కొత్త రోగం పట్టుకుంది.

నడిచినంతసేపు పులి.

ఆగిందంటే పీనుగ.

బ్రేకు మీద కాలు పెడితే చాలు. ఇంజను గొంతు వణికేది. గుడ్... గుడ్... గు... అంతే. బ్యాటరీ కూడా ముసలిదే. ఇంజను ఆగితే మైకు ఆగినట్టే.

అందుకే వనజ ఆగడం మానేసింది. ఊళ్లో వీధి వీధి తిరుగుతూనే మాట్లాడేది. ఒక చేత్తో స్టీరింగు, ఒక చేత్తో మైకు. మొదటి వాడకు సగం మాట అందేది. మిగతా సగం తర్వాతి వాడ మీద పడేది.

"అక్కలారా, చెల్లెండ్లారా, మన కార్ఖానా మూస్తున్నరు..." — ఇది పై వాడ విన్నది. మూసేశారేమో అనుకుని ఇంట్లోనే కూర్చుంది.

"...అందరు ఎల్లారెడ్డికి రావాలె!" — ఇది కింది వాడ విన్నది. వచ్చింది. ఎందుకు వచ్చిందో దానికి తెలియదు.

బీడీలు తీసుకునే కార్ఖానా ఎల్లారెడ్డి నుంచి లేచిపోతోంది. ఇక కామారెడ్డి పోయి ఇచ్చుకోండి అన్నారు. కామారెడ్డి! మోకాళ్లు పోయిన ముసలివాళ్లు, చంకన పిల్లలున్నవాళ్లు, గంప నెత్తిన పెట్టుకుని బస్సులెక్కి కామారెడ్డి పోవాలట. అక్కడ నాలుగు బీడీలు చేతిలోకి తీసుకుని, బాగాలేవని వెనక్కి విసిరితే మళ్లీ గంపెత్తుకుని తిరిగి రావాలట. పక్క మండలంలో ఇట్లాగే చెప్పి లారీ తెచ్చారు. కాటా పోయింది. జల్లెడలు పోయాయి. ఆడవాళ్లు ఏడ్చారు, దారి ఇచ్చారు. ఆ గదిలో ఇప్పుడు ఎవరో కోళ్లు పెంచుతున్నారు.

సామాను పోతే కార్ఖానా పోయినట్టే. వనజకు ఇంతకంటే పెద్ద సిద్ధాంతం తెలియదు. తెలుసుకునే ఓపిక కూడా లేదు.

మొన్న కార్ఖానా ముందు బండి మళ్లీ చచ్చింది. బీడీలు లెక్కచూసి తీసుకునే మున్షీ చక్రధర్ మెట్ల మీద నిలబడి, పళ్లలో పుల్ల తిప్పుతూ చూశాడు.

"వనజమ్మా, నీ సంఘం గూడ నీ కారు లెక్కనే. ఉరుకుతే ఉరుకుతది. ఆగిందంటే సచ్చిందే."

ఆడవాళ్లలో ఇద్దరు నవ్వారు. ఆ నవ్వు ఆమెకు ముల్లు.

నిలబడి మాట్లాడాలి. నిలబడినా బతకాలి. అది ఇంజనుకైనా సరే, మనిషికైనా సరే.

*

కామారెడ్డిలో మెకానిక్ జోయల్. నోరు ఆగదు, చెయ్యి ఆగదు. అంతకుముందే ముగ్గురి చేతులు పడ్డాయి ఆ బండి మీద. ఒకడు ప్లగ్గులు మార్చాడు. ఒకడు కార్బొరేటర్ విప్పి కడిగాడు. ఒకడు స్క్రూ తిప్పి రేసు పెంచాడు. ముగ్గురి దగ్గరా బండి బుద్ధిగా నడిచింది. గేటు దాటి పది ఊళ్లు తిరిగితే — పీనుగ.

జోయల్ దగ్గరా అంతే. నిలబెడితే నిలబడింది. గుడుగుడుగుడు... పిల్లి గురక.

"నా ముందల మంచిగనే ఉన్నది గదా వనజక్కా. నీ ముందలనే సస్తున్నదంటే, నువ్వంటే భయమేమో దీనికి."

"నేనంటే భయం ఉండాల్సినోళ్లకు లేదు. కారుకెందుకుంటది? జర మంచిగ చూడు."

చూశాడు. రబ్బరు గొట్టం ముక్క ఒక కొస చెవిలో పెట్టుకుని, ఇంకో కొస ఇంజను మీద తిప్పుతూ విన్నాడు. ఏమీ లేదు. పెదవి విరిచాడు.

"రోడ్డు మీద ఎట్ల నడిపిస్తవో అట్లనే చూపియ్యి. ఒక్కటి గూడ మార్చకు."

వనజ చూపు సీటు కిందికి పోయింది.

మార్చింది ఒకటుంది.

ప్రతి మెకానిక్ గేటు ముందూ బండి ఆపి, గోనె తీసి, సీటు కిందికి తోసేది. మొదటివాడు చూసి నవ్వాడు కనుక. ఇంకొకడు నవ్వకూడదు కనుక. రోగం చూపించడానికి తెచ్చి, రోగాన్నే సీటు కింద దాచుకుంటున్నానని ఆమెకేం తెలుసు?

సీటు కింద నుంచి గోనె లాగింది. పంక్చర్లు చూసే నీళ్ల తొట్టిలో ముంచింది. పిండలేదు. ఇంట్లో ఆకు మీద ఎట్లా వేస్తుందో అట్లాగే — నాలుగు అంచులూ సర్ది, అరచేత్తో తట్టి — నడుస్తున్న ఇంజను మీద వేసింది.

చుక్క. చుస్సు.

గుడ్... గుడ్... గు...

జోయల్ నోరు ఆగింది.

గోనె తీశాడు. తాళం తిప్పాడు. పిల్లి గురక. గోనె వేశాడు. పీనుగ.

మళ్లీ గోనె వేసి, వనజ చేత రేసు ఇప్పిస్తూ, వంగి, చెవి పెట్టాడు. ఆకు కింద పాములాగా సన్నని చప్పుడు.

స్స్స్స్...

వేలు పోనిచ్చాడు. ఇంజనులోకి పోయే ఒక సన్నని రబ్బరు పైపు. పైనుంచి నున్నగా ఉంది. కింద, కంటికి కనిపించనివైపు, గోరంత చీలిక. గోనె తడి బరువుకు పైపు కిందికి వంగుతుంది. చీలిక నోరు తెరుస్తుంది. గోనె తీస్తే పైపు లేస్తుంది. నోరు మూసుకుంటుంది.

"దొంగగాలి అక్కా. ఉరికేటప్పుడు ఇంజను బగ్గ గాలి తాగుతది, గీ జరంత లెక్కల రాదు. నిలబడ్డప్పుడు సన్నగ ఊపిరి తీస్తది సూడు — అప్పుడు గీ దొంగగాలే పీక పిసుకుతది." నవ్వు ఆపుకోలేక బానెట్టు మీద కొట్టాడు. "కారును తునికాకు అనుకున్నవా ఏంది?"

"నాకొచ్చిన వైద్యం అదే," అంది వనజ. సిగ్గుపడలేదు. గోనె మడిచి చంకలో పెట్టుకుంది. "ఇప్పుడేం చేద్దాం?"

"కొత్త పైపు రేపు తెప్పిస్త. అందాక గోనె వెయ్యకు. ఎండకు ఆగితే నీడకు నిలబెట్టు."

రేపు.

రేపు అనే మాట ఇంకా గాలిలో ఉండగానే ఫోను మోగింది. ఎల్లారెడ్డి నుంచి విమలమ్మ, కార్ఖానా పక్క ఇంటామె.

"వనజా... లారీ వచ్చింది. నెలాఖరన్నరు గద? ఇయ్యాలనే కాటా ఎక్కిస్తున్నరు."

*

రోడ్డు. ఎండ. రెండు పక్కలా కోసిన వరి మళ్ల మొదళ్లు, తెల్లగా, దువ్వెన పళ్లలాగా.

వనజ గోనె వెయ్యలేదు. బండి పరిగెత్తింది.

లింగంపేటలో బ్రేకు మీద కాలు పెట్టింది.

గుడుగుడుగుడు...

చావలేదు.

నిలబడి ఉంది. నిలబడి బతికి ఉంది.

ఎన్ని రోజుల తర్వాతో వనజ ఒక పూర్తి మాట చెప్పింది. ఒకే వీధిలో. మొదలు నుంచి చివరి దాకా.

"అక్కలారా, చెల్లెండ్లారా. ఎల్లారెడ్డి కార్ఖానకు లారీ వచ్చింది. సామాను పోతే కార్ఖానా పోయినట్టే. మీ చాట, మీ ఆకు, మీ తంబాకు పట్టుకొని రండి. ఆడనే కూసుందాం. ఆడనే చుడదాం."

తలుపులు తెరుచుకున్నాయి. పై వాడ వచ్చింది. కింది వాడ వచ్చింది. ఆటోలు నిండాయి. భూదవ్వ అందరికంటే ముందు కారెక్కింది. డెబ్బై దాటినా చాట ముందు బీడీ చుట్టే చెయ్యి ఆగని మనిషి. ఒళ్లో ఆకు కట్ట, దాని మీద తడి గోనె, చేతిలో నీళ్ల డబ్బా.

"ఇయ్యాల నీ కారు నోట్లెకెల్లి మాట పూరాగ వచ్చిందే బిడ్డా," అంది. "ఎప్పుడు సగమే కక్కుతుండె."

ఎల్లారెడ్డి. కార్ఖానా గేటు. లోపల లారీ — ముక్కు బయటికి పెట్టి, సగం నిండి, నిలబడే నడుస్తోంది. డీజిలు పొగ. దానికి ఏ రోగమూ లేదు.

వనజ కారును గేటుకు అడ్డంగా పెట్టింది. హ్యాండు బ్రేకు లాగింది. కారు కూడా నిలబడే నడిచింది.

ఎదురెదురుగా రెండు ఇంజన్లు. పెద్దది, చిన్నది.

ఆడవాళ్లు దిగారు. మైకు లేచింది. చక్రధర్ మెట్ల మీద నిలబడి ఫోను చెవికి పెట్టుకున్నాడు. కాసేపటికి పోలీసు జీపు వచ్చింది.

"బండి తియ్యమ్మా," అన్నాడు ఎస్సై.

"లారీ తియ్యమనుండ్రి సార్. మేం తీస్తం."

"నువ్వు తియ్యకుంటే మా డ్రైవర్ తీస్తడు. ఇంజను చాలుగనే ఉన్నది గదా."

చాలుగానే ఉంది.

వనజ ఆ మాట విన్నది. తల నుంచి కాళ్ల దాకా విన్నది.

నడుస్తున్న బండిని ఎవడైనా నడుపుకుపోతాడు. ఆమె మెకానిక్‌ల చుట్టూ తిరిగి బండికి తెచ్చుకున్న ఆరోగ్యం — ఇప్పుడు వాళ్లకు సులువు. తాళం తిప్పే పని కూడా లేదు. ఎక్కి, పక్కకు పెట్టి, దిగుతాడు. లారీ పోతుంది. కాటా పోతుంది. రేపు ఈ గదిలో కోళ్లు.

బండి చస్తే మైకు చస్తుంది. పూర్తి మాట పోతుంది. పొద్దున్నే దొరికిన పూర్తి మాట.

ఎక్కువసేపు ఆలోచించలేదు. ఆమెకు ఆ అలవాటు లేదు.

"ఇంజను కాలిపోతున్నది సార్. జర చల్లవడనియ్యుండ్రి."

మైకు వదల్లేదు. రెండో చేత్తో బానెట్టు ఎత్తింది. భూదవ్వ వైపు చూసింది. భూదవ్వ ఆకు కట్ట మీది గోనె తీసి ఇచ్చింది. ఎందుకని అడగలేదు.

వనజ గోనె పరిచింది. నాలుగు అంచులూ సర్దింది. అరచేత్తో తట్టింది. మైకు నోటికి పెట్టుకుంది.

"ఈ కార్ఖానా —"

గుడ్... గుడ్... గు...

మైకు చచ్చింది. మాట సగంలో తెగింది. ఎప్పటిలాగే.

ఒక్క క్షణం. లారీ చప్పుడు ఒక్కటే.

"— ఈడనే ఉండాలె!"

అన్నది వనజ కాదు. వెనక నుంచి పై వాడ. ఆ వెనక కింది వాడ. తెగిన మాటను పట్టుకుని, ముడేసి, పూర్తి చేశాయి గొంతులు. బీడీ కొసకు దారం చుట్టినట్టు.

వనజ బానెట్టు దించింది. పోలీసు డ్రైవర్ ఎక్కాడు. తాళం తిప్పాడు. రేసు ఇస్తే బతికింది. కానీ రేసు ఇచ్చి ఎటు పోతాడు? ముందు ఆడవాళ్లు. వెనక ఆడవాళ్లు. పక్కన చాటలు పరుచుకుని, కాళ్లు చాపుకుని, ఆకు కత్తిరిస్తున్న ఆడవాళ్లు. రేసు తీస్తే — పీనుగ.

మళ్లీ తిప్పాడు. మళ్లీ పీనుగ.

ముసలి బ్యాటరీ మూలిగింది. టక్... టక్... ఇక అదీ లేదు.

"నెట్టుండ్రి," అన్నాడు ఎస్సై.

"ముందుగాల మమ్ముల నెట్టుండ్రి సార్," అంది భూదవ్వ తల ఎత్తకుండా. చాటలో ఆమె వేళ్లు ఆగలేదు. "నేను గూడ పాత బండినే. నెట్టితె ఏడ ఇరుగుతనో నాకే ఎరుకలేదు."

నవ్వు. ఈసారి ఆ నవ్వు ముల్లు కాదు.

వనజ మెట్ల వైపు తిరిగింది. "చక్రధరన్నా! నువ్వన్నది నిజమే. మా కారు ఆగిందంటే ఆగినట్టే. ఇగ కదలదు."

చక్రధర్ పుల్ల ఉమ్మేశాడు. ఫోనులోకి మెల్లగా ఏదో చెప్పాడు. అవతల నుంచి ఏం చెప్పారో... అతను ఫోను జేబులో పెట్టుకుని మెట్ల మీదే కూర్చున్నాడు.

పొద్దు నెత్తి మీదికి వచ్చింది. నీడలు మనుషుల కిందికి దూరాయి. ఎస్సై జీపులో కూర్చుని పైవాళ్లతో మాట్లాడుతున్నాడు. ఇంకా బలగం రావచ్చు. రాకపోవచ్చు. చాటల్లో బీడీలు పడుతున్నాయి. ఎక్కిస్తూ వదిలేసిన కాటా సగం లారీలో, సగం నేల మీద.

లారీ నిలబడే నడుస్తోంది... నడుస్తోంది... డ్రైవర్ తుండుతో ముఖం తుడుచుకున్నాడు. గేటు వైపు చూశాడు. ఆడవాళ్ల వైపు చూశాడు. ఎవరూ చెప్పకుండానే చెయ్యి చాపి, తాళం తిప్పాడు.

లారీ ఆగింది.

ఊరంతా ఒక్కసారి చెవిలో పడినట్టు నిశ్శబ్దం. కత్తెరల చప్పుడు. ఎక్కడో పిట్ట.

కారు కింద దుమ్ములో తడి మచ్చ ఎండకు చిన్నదవుతోంది. భూదవ్వ చూసింది. కీళ్లు విరుచుకుంటూ లేచింది. నీళ్ల డబ్బా అందుకుంది.

"బానెట్టు లేపు బిడ్డా. ఆరనియ్యద్దు."

వనజ లేపింది. తాగడానికి తెచ్చుకున్న నీళ్లు. భూదవ్వ పొదుపుగా, ఒక అంచు నుంచి ఇంకో అంచుకు, ఆకు మీద పోసినట్టే పోసింది.

గోనె నల్లబడింది. బరువెక్కింది. వాసన లేచింది.

ఇద్దరూ వంగి చూస్తున్నారు.

గోనె అంచున ఒక చుక్క. ఊరుతూ... నిండుతూ... ఇంకా పడకుండా —