కాగితం పెట్టి మీట నొక్కండి

ప్రింటరును పగలగొట్టింది నా తమ్ముడే. ఆరడుగుల మనిషి, అయినా అందరూ చిట్టి అనే పిలుస్తారు. పట్టపగలు మా టైపింగు షాపులోకి వచ్చి, "బావా, కాస్త జరుగు" అని మర్యాదగా చెప్పి, ప్రింటరును రెండు చేతులతో ఎత్తి మెట్ల మీద వేశాడు. అందులోంచి అక్షరాల చక్రం ఊడి, దొర్లుకుంటూ వెళ్లి మురుగుకాలవలో పడింది. వెళ్తూ వెళ్తూ నా వైపు తిరిగి, "భోంచేశావా అక్కా?" అన్నాడు. "చేశాను" అన్నాను. నిజమే చెప్పాను.

వాడు అలా ఎందుకు చేశాడో ముందు చెప్పాలి. నూలు మిల్లు తగలబడినప్పుడు వాడు అక్కడ గేటు కాపలాదారు. పని మధ్యలో కూలీలు బయటికి పోకుండా గేటుకు తాళం వెయ్యమని మేనేజరు చెప్పాడు, వీడు వేశాడు. తాళంచెవి మేనేజరు జేబులో ఉండగా మంటలు లేచాయి. గేటు కమ్మీలు పట్టుకున్న చేతులు పట్టుకున్నట్టే కాలిపోయాయి. ఆ మర్నాడు చిట్టి మా ఇంటికి వచ్చి, గడపలో కూలబడి, తల నేలకేసి కొట్టుకుంటూ అంతా చెప్పాడు. మా ఆయన టైపు చేశాడు. కాలిన గాయాలతో బతికినవాళ్లు చెప్పినవీ టైపు చేశాడు. అన్నీ మా షాపులోని పాత టైపింగు మిషన్ డిస్కుల్లో ఉన్నాయి.

ఆ తర్వాత మేనేజరు చిట్టిని దగ్గరికి తీశాడు. మోటారుసైకిలు ఇచ్చాడు, చేతికి ఇనపకడ్డీ ఇచ్చాడు. సంతకాలు పెట్టిన కాగితాలన్నీ కూలీల తరఫు లాయరమ్మగారి ఆఫీసుతో పాటు కాలిపోయాయి. కరెంటు తీగ తప్పు అన్నారు. ఇక మిగిలింది మా మిషనే. అందులోవి మళ్లీ కాగితం మీదికి రాకూడదనే చిట్టి వచ్చి ప్రింటరును పగలగొట్టాడు. విచారణ మర్నాడు అనగా లాయరమ్మగారు వచ్చి, "వాంగ్మూలాలన్నీ కొత్త కంప్యూటరు డిస్కులో ఇమ్మంటున్నారు. మాటలు ఉంటే చాలు, మనుషుల్ని పిలిచి మళ్లీ సంతకాలు పెట్టిస్తాను" అన్నారు.

అక్కడే వచ్చింది చిక్కు. మా పాత మిషన్ డిస్కు అన్నం పళ్లెమంత ఉంటుంది. కొత్త కంప్యూటరు నోట్లో బిస్కెట్టంత డిస్కు తప్ప పట్టదు. పట్టినా ఒకదాని రాత ఇంకొకదానికి అర్థం కాదట. రెండూ అక్షరాలే కదా, మరి ఎందుకు అర్థం కాదని అడిగాను. "మీ తమ్ముడూ నేనూ ఒకే భాష మాట్లాడుకుంటాం. అర్థమవుతోందా?" అన్నాడు మా ఆయన.

ఉపాయం ఆయనే కనిపెట్టాడు. పాత మిషన్‌కు చేతనైంది ఒకటే, ప్రింటరుకు అక్షరాలు పంపడం. ప్రింటరు పోయిన సంగతి దానికి తెలియదు. పక్క గది జిరాక్సు షాపులో కొత్త కంప్యూటరు ఉంది. రెండు తీగలు కోసి, ఒకదాని నోరు రెండోదాని చెవికి కలిపి అతికించి, కిటికీలోంచి పక్క గదిలోకి లాగాడు. ఇటు మిషన్ ప్రింటు కొడుతున్నాననుకుంటుంది. అటు కంప్యూటరు వచ్చిన ప్రతి అక్షరాన్నీ పట్టి దాచుకుంటుంది. అటు లాయరమ్మగారు కూర్చున్నారు.

ఇంకొక ఇబ్బంది ఉంది. పాత మిషన్ పేజీ అయిపోగానే ఆగిపోతుంది. 'కాగితం పెట్టి మీట నొక్కండి' అని తెర మీద చూపించి, నొక్కేదాకా కదలదు. కాగితమూ లేదు, ప్రింటరూ లేదు. అయినా నొక్కాలి. ఆ పని నాకు అప్పగించాడు. మొదలుపెట్టే ముందు గొంతు తగ్గించి ఒక మాట అన్నాడు.

"చిట్టిది చివర పెట్టాను. అది వెళ్తే మేనేజరుతో పాటు వాడూ జైలుకు పోతాడు. అక్కడిదాకా వచ్చాక నొక్కాలో వద్దో నువ్వే చూసుకో. నేను అడగను."

"అది లేకపోతే?"

"మిగతావాళ్లంతా అప్పుడు మిల్లు లోపలే ఉన్నారు. తాళం ఎవరు వేశారో, ఎవరు వెయ్యమన్నారో చూసినవాడు వాడొక్కడే."

నా మీద దయతో చేసిన పని అది. ఆ దయే మా కొంప ముంచబోయింది. మొదటే పంపి ఉంటే గొడవే లేకపోయేది.

పేజీకొకసారి దేవుడి పేరు అనుకుని మీట నొక్కుతూ పోయాను. చెయ్యి కాలిన ఒక దారం చుట్టే కూలీ మాటలు వెళ్లాయి. కూతురి గాజులు చూసి శవాన్ని గుర్తుపట్టిన తల్లి మాటలు వెళ్లాయి. మంచి పనిలో ఉన్నానన్న ధైర్యం ఒకవైపు, చివరి పేజీ దగ్గరికొస్తోందన్న గుబులు ఒకవైపు. స్వామీ, న్యాయం నీదే అయితే మీట నా చేతికెందుకు ఇచ్చావు అని అడుగుతూనే ఉన్నాను.

ఎండ గుమ్మంలో ఉండగానే చిట్టి వచ్చాడు. లోపలికి వచ్చి తలుపు గడియ పెట్టాడు. చేతిలో కడ్డీ.

"లే అక్కా."

"ఎందుకురా?"

"ఆ డబ్బాను పగలగొట్టాలి. నీకు తగులుతుంది, లే."

నేను లేవలేదు. మా ఆయన అడ్డం వచ్చాడు. "ఒరే చిట్టీ, కూర్చో, మాట్లాడుకుందాం."

"మాట్లాడినదే కదా బావా ఇంతదాకా తెచ్చింది" అంటూ చిట్టి కడ్డీ వెనక్కి తీసి ఆయన మోకాలి మీద కొట్టాడు. పచ్చి కొమ్మ విరిగినట్టు చప్పుడైంది. ఆయన బల్ల అంచు పట్టుకుని ఒరిగిపోయాడు, బల్ల మీది టీ గ్లాసు ఆయన ముఖాన పడి పగిలింది. అటుపక్క గదిలోంచి లాయరమ్మగారి అరుపు, గోడ మీద గుద్దులు, ఆ వెంటనే మా తలుపు మీద బాదడం వినబడ్డాయి.

"నన్ను దాటి ముట్టుకోరా దాన్ని" అన్నాను.

"నీ మీద చెయ్యెయ్యనని నీకు తెలుసు. అందుకే కదా అలా కూర్చున్నావు?" వాడు మా ఆయన వైపు తిరిగాడు. "ఎంతసేపు కూర్చుంటావో చూస్తాను."

మా ఆయన కుడిచేతిని నేలకు అదిమి, చెప్పుకాలితో తొక్కిపెట్టాడు. ముప్పొద్దులా టైపు కొట్టి మా కడుపులు నింపిన వేళ్లవి. కడ్డీ పడింది. ఆయన అరవలేదు, దెబ్బ తిన్న కుక్కలా మూలిగాడు. మళ్లీ పడింది. చూపుడు వేలు ఉండాల్సిన వైపు కాకుండా ఇంకోవైపు తిరిగి ఉంది. నెత్తురు గచ్చు మీద నా కుర్చీ కాలి దాకా వచ్చింది.

"లేస్తావా అక్కా?"

నా కాళ్లు లేవబోయాయి. నిజం చెబుతున్నాను, లేవబోయాయి. అప్పుడు నేల మీద నుంచి మా ఆయన, పెదవి చిట్లి, పళ్లు ఎర్రగా, "లేవకు" అన్నాడు. "నీ ఇష్టం అన్నాను కదా... ఇప్పుడు కాదు. లేవకు."

చిట్టి ఆయన డొక్కలో తన్నాడు. ఇంకోసారి తన్నాడు. ఆయన ముడుచుకుపోయాడు. తెర మీద పేజీ అయిపోయింది. చివరిదానికి ముందు పేజీ. ఇక మిగిలింది చిట్టిదే. 'కాగితం పెట్టి మీట నొక్కండి.'

"బావను చంపుతావురా, చిట్టీ."

"చంపితే నువ్వే చంపినట్టు."

"ఆ చేతులెవరివిరా గేటు మీద? నేను కాల్చానా?"

వాడు ఆగాడు. కడ్డీ చివర నుంచి నెత్తురు బొట్టు కింద పడింది. "నేనొక్కణ్ణే లోపలికి పోతానక్కా" అన్నాడు, చిన్నప్పుడు దెబ్బ తగిలించుకుని వచ్చి చెప్పినట్టే. "ఆ మేనేజరు పెద్ద లాయర్లను పెట్టుకుని బయటికి వస్తాడు. తాళం నేనే వేశాను కదా. నేనే పోతాను. నీకు నేను తప్ప ఇంకెవరున్నారు?"

అమ్మ పోయాక వాడిని ఎత్తుకుని పెంచాను. తలంటింది నేను, బడికి పంపింది నేను. వాడు జైలు గోడల మధ్య ఉంటే నేను ఏ ముఖంతో దీపం పెట్టుకుంటాను? మీట నొక్కకపోతే మాత్రం, ఆ గాజులు గుర్తుపట్టిన తల్లి ముఖం ఎదట ఎలా నిలబడతాను? తలుపు మీద బాదుడు, మా ఆయన ఊపిరి చప్పుడు, అంతే.

దేవుడి పేరు అనుకుని మీట నొక్కాను.

వాడి మాటలు తెర మీద కదలడం మొదలయ్యాయి. చిట్టి నా వెనక్కి వచ్చి కడ్డీ ఎత్తాడు. నా తల పక్క నుంచి తెరను చూస్తున్నాడు. నాకు వాడి ఊపిరి మెడకు తగులుతోంది. వాడు పెద్దగా చదువుకోలేదు. పెదవులు కదుపుతూ చదివాడు. గేటు, తాళం, మేనేజరు పేరు, లోపలి నుంచి ఎవరు ఎవరిని పిలిచారో. ఆ కడ్డీ అలాగే గాలిలో ఉంది. ఎదురుగా కిటికీలోంచి బయటికి పోయే తీగ వాడి కళ్ల ముందే వేలాడుతోంది.

పేజీ చివరికి వచ్చింది. తెర ఖాళీ అయింది. అప్పుడు కడ్డీ పడింది.

నేను చెయ్యి తియ్యలేదు, తియ్యాలని తోచలేదు. తెర పగిలి గాజుపెంకులు నా చెంపకు తగిలాయి. మీటల పళ్లెం రెండు ముక్కలైంది. వాటి మధ్య నా చూపుడు వేలు. నొప్పి వెంటనే రాలేదు. ముందు వాడి ముఖం కనిపించింది.

"అక్కా" అన్నాడు. కడ్డీ జారిపోయింది. "అక్కా, నిన్ను కొట్టానా? నిన్ను కొట్టానా నేను?"

నా చెయ్యి పట్టుకుని, చొక్కా చింపి వేలికి చుడుతూ, అలాగే అంటున్నాడు. తలుపు విరిగింది. జిరాక్సు షాపాయన, వీధిలోవాళ్లు లోపలికి వచ్చి పడ్డారు. వాడిని జుట్టు పట్టి లాగి, కిందపడేసి, కాళ్లతో, కుర్చీలతో కొట్టారు. ముక్కు పగిలింది, చెవి తెగింది. వాడు చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. "చాలు, చాలు" అని అరిచింది నేనూ మా ఆయనే. పోలీసులు వచ్చేసరికి కొట్టేవాళ్లూ ఏడుస్తున్నారు. మిల్లు మంటల్లో ఎవరో ఒకరిని పోగొట్టుకున్నవాళ్లే అందరూ.

అన్నీ అటు చేరాయి. చిట్టిది కూడా చివరి అక్షరం దాకా చేరింది. ఒక్కటే వింత. లావు అక్షరం కావాలంటే పాత మిషన్ ఆ మాటనే దాని మీదే రెండోసారి కొడుతుంది. కాగితం మీద ఒకదానిపై ఒకటి పడి నల్లగా కనిపిస్తుంది. కంప్యూటరుకు కాగితం లేదు కాబట్టి ఆ మాటలన్నీ పక్కపక్కనే రెండుసార్లు పడ్డాయి. ఆ రోజు చిట్టి ఏడుస్తూ, "ఈ మాట గట్టిగా కొట్టు బావా" అన్నచోటల్లా ఆయన లావుగా కొట్టాడు. 'తాళం నేనే నేనే వేశాను. తెరవమని తెరవమని అరిచారు. తెరవలేదు తెరవలేదు.' దిద్దేస్తానన్నారు లాయరమ్మగారు. వద్దన్నాను.

విచారణలో అధికారి ఆ కాగితం చిట్టి ముందు పెట్టి, "ఇది నీ మాటేనా?" అన్నాడు. పక్క బెంచీలో మేనేజరు కాలు మీద కాలు వేసుకుని వీడివైపే చూస్తున్నాడు. చిట్టి నా కట్టు చూశాడు, మా ఆయన కట్లు చూశాడు. "నాదే" అని సంతకం పెట్టాడు. మేనేజరు కాలు దించాడు.

ఇద్దరికీ శిక్ష పడింది. మేనేజరు తొందరగానే బయటికి వస్తాడంటున్నారు. చిట్టి అన్నది నిజమే కావచ్చు. వాడిని చూడటానికి వెళ్లినప్పుడు జైలు ఇనపజాలీ అవతల నుంచి మొదట నా వేలే చూస్తాడు.

"వంగుతోందా అక్కా?"

"వంగదు. మీ బావవీ వంగవు. ఇద్దరం కలిసి ఎడంచేతులతో ఒక మనిషి కొట్టేంత టైపు కొడుతున్నాం."

వాడు నవ్వబోయి ఆగిపోయాడు. చాలాకాలంగా నన్ను తినేస్తున్న మాట ఒకనాడు అడిగేశాను.

"ఒరే, కిటికీలోంచి పోయే తీగ నీకు కనబడలేదా? కడ్డీ ఎత్తి అంతసేపు ఎందుకు ఆగావు?"

చిట్టి తల దించుకుని, తెగిన చెవి గోక్కున్నాడు. "చదువుతున్నానక్కా" అన్నాడు. "నాకు చదవడం ఆలస్యం కదా."

వాడు ఆగింది అందుకేనా అని రోజూ దీపం ముందు దేవుణ్ణి అడుగుతాను. జవాబు కోసం తొందరపెట్టను.