ఎర్రచుక్క కంచం

అందరి కంచాలూ తోమి అరలో సర్ది, తన కంచాన్ని మాత్రం ఆమె వాషింగ్ మెషీన్ మీద బోర్లించింది. దాని అడుగున గోళ్లరంగుతో పెట్టిన ఎర్రచుక్క. కోడలు పరిశోధన చేసేది కామెర్ల వైరస్ మీదని తెలిసిన రోజున అత్తగారు పెట్టిన చుక్క అది. పదకొండేళ్లయింది.

"ఇది రక్తంతో వస్తుంది అత్తయ్యా, కంచాలతో రాదు. పైగా నేను టీకా వేయించుకున్నాను" అని చెప్పీ చెప్పీ ఆమె నోరు నొప్పెట్టింది. "కాదన్నానా? ఎందుకైనా మంచిది, విడిగా ఉండనీ" అనేది ఆవిడ. ఆమె రాసింది చదివి పెద్ద పెద్ద డాక్టర్లు మందులు మార్చేవారు. ఇంట్లో మాత్రం చెవిటివాడి ముందు శంఖమే. ఆ ఇంట్లో వండేదీ ఆమే, తోమేదీ ఆమే. ఆ చేతులకు లేని అంటు ఆ కంచానికి ఎలా వచ్చిందో ఎవరూ అడగలేదు.

ఈమధ్య ఆమెను ల్యాబుకు అధిపతిగా ఉండమన్నారు. "ఆ రోగాల కొంప మానెయ్. రాజీనామా నేనే టైపు చేశా, సంతకం పెట్టు చాలు" అన్నాడు భర్త. ఆ కాగితం మూడు రోజులుగా ఫ్రిజ్‌కు అతుక్కుని ఉంది.

ఇంతలో, ఆఫీసులో అందరితో పాటు రక్తదానం చేసొచ్చిన భర్తకు బ్లడ్ బ్యాంకు నుంచి ఉత్తరం వచ్చింది. హెపటైటిస్ బి, ఆమె పరిశోధించే కామెర్ల వైరసే. ఆమెకు జాలి కలగాలి. కలగలేదు. కడుపు చల్లబడింది.

"నీ దగ్గర్నుంచే!" అని అరిచింది అత్తగారు.

"నాకు లేదత్తయ్యా, ఆర్నెల్లకోసారి ల్యాబులో పరీక్ష చేస్తారు. ఇది చాలామందికి పుట్టుకతోనే తల్లి నుంచి వస్తుంది. మీరూ చేయించుకోండి."

నాలుగో రోజుకి ఆవిడ ఫలితమూ వచ్చింది. ఆవిడకీ అదే. మంచి డాక్టరును మాట్లాడింది కోడలే. వైద్యంలో ఏ లోటూ చెయ్యలేదు.

ఆ మధ్యాహ్నం భోజనాలకు ముందు తన కంచం మీది చుక్కను గీకేసి అరలో పెట్టింది. మిగతా రెండు కంచాలూ బయటకు తీసి, తీరిగ్గా కూర్చుని, ఒక్కోదాని అడుగున ఒక్కో ఎర్రచుక్క పెట్టింది.

"కంచాలతో అంటుకోదని నువ్వేగా చెప్పావు?" అన్నాడు భర్త.

"చెప్పాను. పదకొండేళ్లు చెప్పాను."

ఫ్రిజ్ మీది రాజీనామా కాగితం తీసి వాషింగ్ మెషీన్ మీద పరిచింది. దాని మీద ఆ రెండు కంచాలూ బోర్లించింది.

"ఎందుకైనా మంచిది, విడిగా ఉండనీండి."