బావ ఎలాగంటే అలాగే

మా దమయంతత్త ఒక్క మాటతో కొంప ముంచింది. విశాఖలో ఆసుపత్రి కమిటీ ముందు కూర్చోబెట్టి, మీ భర్తకు కిడ్నీ ఇవ్వడం మీకు ఇష్టమేనా అని అడిగితే, తలొంచుకుని "బావ ఎలాగంటే అలాగే" అంది. బావ అంటే ఆవిడ భర్త, మా బాలకృష్ణ మావ. ఛైర్మన్‌కు తెలుగు రాదు. పక్కనున్న మేడమ్ ఆ మాటను ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పింది. మొగుడి బలవంతం మీద వచ్చిందేమోనని వాళ్ళకు అనుమానం వచ్చింది. వచ్చే నెల రండి, మళ్ళీ మాట్లాడదాం అన్నారు.

వాళ్ళను నేను తప్పు పట్టను. తప్పంతా మా అత్తది, అత్తను అలా పెంచిన మా ఊరు కవిటిది. మా వైపు పెళ్ళయిన ఆడది పరాయివాళ్ళ ముందు తన ఇష్టాన్ని తన నోటితో చెప్పదు. పూండి నుంచి కొబ్బరికాయల వ్యాపారి వచ్చినా అత్తది అదే మాట. బావనడిగి వస్తానని లోపలికి వెళ్ళి, మంచినీళ్ళు తాగి బయటికొచ్చి, తాను ముందే అనుకున్న ధర చెబుతుంది. మావకు ఆ బేరం సంగతే తెలియదు. ఆ ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో ఊరందరికీ తెలుసు. పాపం, కమిటీకి ఎలా తెలుస్తుంది?

పలాసలో డయాలసిస్ చేయించుకుని వచ్చిన రోజు మావ మంచం మీద వాలిపోతాడు. అయినా అత్త కిడ్నీ తీసుకోవడానికి ఏడాది పాటు మొండికేశాడు. నీకేమైనా అయితే ఎలా అనేవాడు. చివరికి అత్త పోరు పడలేక "సరేలే" అన్నాడు, అంతే. ఇప్పుడు కమిటీ కాదంటే ఆ సరేలే కూడా దక్కదు. నాకు కోపమూ వచ్చింది, భయమూ వేసింది.

నేను టెక్కలిలో ఇంటర్ పిల్లలకు ఇంగ్లీషు చెబుతాను. ఒక ఆదివారం పొద్దున్నే అత్త జీడిపప్పు సంచితో మా ఇంట్లో దిగింది.

"ఒలే హిమజా, ఈపాలి నా మాట ఇంకొకలి నోట్లో ఎట్టను. ఆ పెద్దాయనకి ఇంగిలీసులోనే సెప్తాను. ఏటనాలో సెప్పు."

"ఐ ఎగ్రీ అను, చాలు. ఒప్పుకుంటున్నాను అని."

అత్త తల అడ్డంగా ఊపింది. "ఒప్పుకోవాలంటే ముందు ఎవులో అడగాల గదే. నన్నెవులడిగారు? మీ మావ అడిగాడేటి?"

"పోనీ, యాక్సెప్ట్. ఇచ్చినదాన్ని కాదనకుండా పుచ్చుకోవడం."

"అది మీ మావ సెప్పాల. నాను ఇచ్చేదాన్ని."

నాకు హుషారొచ్చింది. మాటను ఇలా అటూ ఇటూ తిప్పి చూసేవాళ్ళు నా క్లాసులో ఒక్కరూ దొరకరు. "అయితే విల్లింగ్. ఇవ్వడానికి నాకే అభ్యంతరమూ లేదు, సంతోషమే అని."

"బాగానే ఉంది గానీ సిన్నది. పక్కింటోలికి కత్తిపీట ఇచ్చినట్టుంది."

"ఇక మిగిలింది వాంట్ ఒక్కటే. నాకు కావాలి అని."

"అదీ మాట" అంది అత్త.

"వాళ్ళు విల్లింగా అనే అడుగుతారత్తా. యెస్ అనేసి ఊరుకో. పేచీ పెట్టకు" అని మరీ మరీ చెప్పాను. తలూపింది. ఆ ఊపుడు చూసే నేను అనుమానించాల్సింది.

నెల తిరిగింది. ఈసారి నన్నూ లోపల కూర్చోనిచ్చారు. ఛైర్మన్ మెల్లగా అడిగాడు.

"ఆర్ యూ విల్లింగ్, అమ్మా?"

"నో సార్" అంది అత్త.

మావ ముఖం పాలిపోయింది.

"విల్లింగ్ స్మాల్ సార్. ఐ వాంట్." అక్కడితో ఇంగ్లీషు అయిపోయింది. అత్త మేడమ్ వైపు తిరిగింది. "నన్నెవులూ అడగలేదమ్మా. నానే ఏడాది ఎంటబడి అడిగాను. ఈ మనిషి నాకు కావాల. తోటలో నా పక్కన నడవాల. నా కోసరమే ఇత్తన్నాను. అలాగే సెప్పండి, తగ్గించొద్దు."

మేడమ్ తగ్గించకుండానే చెప్పింది. నాకు కన్నీళ్ళు ఆగలేదు, దాచుకోవాలనీ అనిపించలేదు. ఛైర్మన్ తలాడించి మావ వైపు చూశాడు.

"మీకూ ఇష్టమేనా?" అని మేడమ్ అడిగింది.

మావ కండువా సర్దుకున్నాడు. తలొంచుకుని, "దమయంతి ఎలాగంటే అలాగే" అన్నాడు.

అత్త మోచేత్తో పొడిచింది. "అలగనకు బావా. ఆ మాటకే నన్ను ఎనక్కి పంపీసారు. ఎసెప్ట్ అని సెప్పు."

మావ తలెత్తి అత్త ముఖంలోకి చూశాడు. "ఎసెప్ట్" అన్నాడు. ఎవరూ అడక్కుండానే, "నువ్విత్తే పుచ్చుకుంతాను" అన్నాడు.

ఛైర్మన్ నవ్వుతూ అనుమతి పత్రం మీద సంతకం పెట్టాడు. అత్త అటు చూడలేదు. ఏడాది పోరితే సరేలే అని మాత్రమే అన్న నోటి నుంచి వచ్చిన మాట అది. కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని అప్పుడు ఏడ్చింది.