కల్లం దాకా పరుగు

నస్రత్‌కు సీటు వచ్చిందన్న కబురు మా ఆయన షఫీక్ ఫోన్‌కు వచ్చేసరికి మేమిద్దరం కల్లంలో ఆరబోసిన మిరపకాయల్లోంచి తెల్లబడ్డ తాలుకాయలు ఏరుతున్నాం. మాకు పెళ్లయి నలభై ఒక్క రోజులు. నిజం చెప్పాలంటే నేను తాలు ఏరింది తక్కువ, ఆయన చెవికి అంటుకున్న మిరప గింజను చూస్తూ కూర్చున్నదే ఎక్కువ. ఆయన ఫోన్ చూసి, "ఫర్హానా, మన నస్రత్‌కి కంప్యూటర్స్‌లో సీటొచ్చింది" అని కేకేశారు. కూలీలందరి ముందు నన్ను పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి. ఆ మురిపెంలో సీటు సంగతి నాకు కాస్త ఆలస్యంగా తలకెక్కింది.

ఆ కేక ఇంట్లోకి వినిపించింది. కల్లానికీ ఇంటికీ మధ్య రెండువందల అడుగులుంటాయేమో. మా ఆడబిడ్డ నస్రత్ చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తుకొచ్చింది. పదిహేడేళ్ల పిల్ల. అన్నను పట్టుకోబోయి, మధ్యలోనే గోతాల మీద కూలబడింది. పెదాలు పాలిపోయాయి. మాట రావడం లేదు, గుండెలు మాత్రం ఎగిరెగిరి పడుతున్నాయి.

"ఘాటు తగిలింది పిల్లకి. ఇంటర్ రెండేళ్లూ హాస్టల్లో ఉండి అలవాటు తప్పింది" అంటూ మా అత్త సర్దార్‌బీ చెంబుతో నీళ్లిచ్చింది.

ఎండాకాలంలో మా ఊళ్లో ఎవరు దగ్గినా, ఎవరు ఆయాసపడినా తప్పు మిరపకాయదే. నేనూ అదే అనుకున్నాను.

ఆయన సంతోషం పట్టలేక అక్కడికక్కడే ప్రకటించేశారు. "యూనివర్సిటీలో హాస్టల్ నుంచి క్లాసులకి కిలోమీటరున్నర అంట. నా చెల్లెలు ఎండలో నడవాల్సిన పన్లేదు. బ్యాటరీ స్కూటర్ కొంటా."

నస్రత్ ముఖంలోకి అప్పుడు రంగు వచ్చింది. మా ఆయన నాకు ఇంకాస్త ముద్దొచ్చారు.

సాయంత్రం స్వీట్లు తేవడానికి నేనూ నస్రతూ సెంటర్‌కు బయల్దేరాం. దారిలో ముంజలు అమ్ముతుంటే అరడజను కొన్నాను. లేత ముంజలో నీళ్లు గడ్డం మీదుగా కారితే తుడుచుకుని నవ్వాను. నస్రత్ నవ్వలేదు, తినలేదు. కాలవ తూము మీద కూర్చుండిపోయింది. అంతకుముందే రెండుసార్లు ఆగింది, ఒకసారి చెప్పు సరిచేసుకునే వంకతో, ఇంకోసారి ఫోన్ చూసే వంకతో.

"ఇక్కడ మిరపకాయ ఒక్కటీ లేదు కదే" అన్నాను.

తను ఎండిన కాలవలోకి ఒక మట్టిబెడ్డ విసిరింది.

"రెండేళ్లు నేను నడిచిందల్లా రూము నుంచి క్లాసుకి, క్లాసు నుంచి మెస్సుకి వదినా. అన్నీ ఒకటే బిల్డింగు. పొద్దున అయిదింటికి కూర్చుంటే రాత్రి పదింటికి లేవడమే. గ్రౌండ్‌లో షెడ్లేసి బస్సులు పెట్టుకున్నారు. టెన్త్‌లో ఖోఖో ఆడేదాన్నంటే అక్కడ నమ్మినవాళ్లు లేరు. ఫిబ్రవరిలో మెట్ల మీద కళ్లు తిరిగి పడిపోయా. గ్యాసన్నారు."

"ఇంట్లో చెప్పలేదా?"

"చెబితే అమ్మ చదువు మాన్పిస్తుంది. స్కూటరుంటే ఎవరికీ తెలీదు. నువ్వు చెప్పావో, ఇక నీతో మాట్లాడను."

గుంటూరు హాస్టల్లో నా మూడేళ్లూ గుర్తొచ్చాయి. నాకూ నా రూమ్మేట్ ఖుర్షిదాకూ షటిల్ చేతకాదు. అయినా రోజూ సాయంత్రం కోర్టుకు పోయి ఆడేవాళ్లం, కొట్టినదానికంటే కాక్ ఏరుకున్నదే ఎక్కువ. పరీక్షల ముందురోజు కూడా మానలేదు. ఈ పిల్లకు అలాంటి సాయంత్రం ఒక్కటి కూడా దొరకలేదు. స్కూటర్ ఎక్కిందంటే ఇంకో నాలుగేళ్లు దొరకదు. నోరు విప్పితే అసలు యూనివర్సిటీయే దక్కదు.

భోజనాల దగ్గర ఉండబట్టలేకపోయాను.

"స్కూటర్ వద్దండీ. నడవనివ్వండి. అక్కడ పెద్ద గ్రౌండుందంట, ఏదో ఒక ఆటలో చేరనివ్వండి."

ఆయన చెయ్యి పళ్లెంలోనే ఆగిపోయింది. ఆయన మాట నేను కాదనడం ఇదే మొదలు.

"ఆటలాడుకోడానికా పంపేది?" అంది అత్త. "నీ మొగుడు నీకు బండి కొనిపెట్టలేదని కడుపుమంటా?"

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. నస్రత్ వైపు చూడలేదు. చూస్తే చెప్పేస్తానని భయం.

"వదిన్ని అనొద్దమ్మా" అంది నస్రత్. "పొద్దున నాకు తగిలింది ఘాటు కాదు."

తలెత్తకుండా మొత్తం చెప్పింది. మెట్ల మీద పడిన సంగతీ చెప్పింది.

సర్దార్‌బీ కూతుర్ని ట్యూబ్‌లైటు కిందకు లాక్కుపోయి, కనురెప్ప కిందికి లాగి చూసింది. "రక్తం చుక్క లేదు దీనికి" అంది. తర్వాత, నస్రత్ భయపడ్డ మాట అననే అంది. "సీటూ వద్దు, గీటూ వద్దు. నా కళ్లముందు పడుండు. అద్దంకిలో డిగ్రీ కాలేజీ లేదా?"

"ఇంట్లో కూర్చోబెడితే ఇంకా కూర్చుంటుంది అత్తమ్మా. కూర్చునే కదా ఇట్లా అయింది" అన్నాను.

అత్త కూతురి చెయ్యి ఇంకా వదల్లేదు.

"సాయంత్రం నుంచి నీకు తెలుసా?" అని ఆయన నన్నడిగారు.

"తెలుసు."

ఆయన తల వంచుకుని మిగిలిన అన్నం తిన్నారు. ఆయన నవ్వులన్నీ చదవడం నాకు వచ్చేసింది. మౌనాలు ఇంకా నేర్చుకోలేదు. కోపమో, బాధో తెలియక, మజ్జిగ పోయాలా వద్దా అని గిన్నె పట్టుకుని నిలబడ్డాను.

చెయ్యి కడుక్కుని వచ్చి అప్పుడు అన్నారు.

"రేపు తొలిబస్సుకి గుంటూరు పోదాం, నలుగురం. ముందు డాక్టరు, రక్తపరీక్ష. ఆయన పరవాలేదంటే అక్కణ్ణించి యూనివర్సిటీకి. హాస్టల్ గేటు నుంచి క్లాసు దాకా దీన్ని నడిపించి చూద్దాం. ఎన్నిసార్లు కూర్చుంటే అన్నిసార్లు మనమూ కూర్చుందాం. అది చూశాక సీటు ఉంచాలో వద్దో నువ్వే చెప్పమ్మా."

సర్దార్‌బీ కూతురి చెయ్యి వదిలి పళ్లేలు తీసింది.

"బస్సు అయిదుంబావుకి" అంది చివరికి. "నాలుగింటికి లేపుతా అందర్నీ."