యాయ్ ఛూన్ మొక్కు

పొద్దున్నే థావ్రీ చేసే మొదటి పని అమ్మమ్మ యాయ్ ఛూన్‌ని కడగడం. రోడ్డుకి అటూ ఇటూ శిల్పులు రోజంతా బుద్ధుల్ని చెక్కుతూనే ఉంటారు కాబట్టి ఊరి మీద ఎప్పుడూ తెల్లటి రాతిపొడి పరుచుకుని ఉంటుంది. దాని మీద లారీలు లేపే ఎర్రదుమ్ము. ఆ రెండూ కలిసి యాయ్ ఛూన్ ఒంటి మీద చేరితే అట్టకట్టేస్తాయి. అందుకని కొబ్బరిపీచుతో పాదాలూ మోకాళ్ళూ రుద్ది, చెంబుతో నీళ్ళు పోసి, నడుము దాటేసరికి పీచు పక్కన పడేసి మెత్తటి గళ్ళతుండు అందుకునేది. నడుము దాకా రాయి, ఆ పైన మనిషి.

"ఇవాళ ఇంకాస్త ఎక్కిందే," అనేది యాయ్, డొక్కలు తడుముకుంటూ.

"ఎక్కలేదులే. నీకు అనుమానం."

"నా ఒళ్ళు నాకు తెలీదా? ఊపిరి తీస్తుంటే లోపల తగులుతోంది, గిన్నెకి గరిటె తగిలినట్టు."

ఊళ్ళో ఒకరికి కీళ్ళనొప్పులు, ఒకరికి ఉబ్బసం, యాయ్ ఛూన్‌కి రాయి. ఆసుపత్రి నర్సు ఒకసారి వచ్చి, వేలితో నొక్కి చూసి, బలానికి మాత్రలిచ్చి పోయింది. యాయ్ కొడుకు సారున్ శిల్పి. అతను గోటితో తట్టి చూశాడు. "మన కొండ రాయి కాదిది. మనది బరకగా, పచ్చగా ఉంటుంది. ఇందులో ఎర్రజీర ఉంది. పాత గుళ్ళ రాయి," అన్నాడు.

నల్లబట్టల వాళ్ళు ఊళ్ళు ఖాళీ చేయించి జనాన్ని కాలవలు తవ్వడానికి తోలుకుపోయిన కాలంలో యాయ్‌కి ఇంటినిండా పిల్లలు. జ్వరానికొకడు, ఆకలికొకతె రాలిపోతుంటే, ఒకనాడు ఆమె గట్టు మీద మట్టితట్ట దించి, అంగ్‌కోర్ వాట్ ఉన్న దిక్కుకి తిరిగింది. అక్కడ పడమటి గోపురంలో నిలబడి ఉండే ఎనిమిది చేతుల దేవుడు తా రీచ్‌కి మొక్కుకుంది. ఒక్కర్ని మిగిల్చు తండ్రీ, ఆ ఒక్కర్నీ తీసుకుని నీ కాళ్ళ దగ్గరికి వస్తాను, అని. ఇద్దరు మిగిలారు. సారున్, థావ్రీ తల్లి.

వెళ్ళడం మాత్రం పడలేదు. ఒక ఏడు తుపాకులు, ఒక ఏడు మందుపాతరలు, ఒక ఏడు కాన్పు, ఒక ఏడు వరదకి వంతెన కొట్టుకుపోయింది. థావ్రీ ఇంకా పాకుతుండగానే వాళ్ళమ్మ పుల్లలేరడానికి పోయి మందుపాతర మీద కాలేసింది. తండ్రి వేరే ఊళ్ళో వేరే ఇల్లు చూసుకున్నాడు. కూతురి చితి చల్లారిన మర్నాడు యాయ్ కాలి బొటనవేలు రాయైంది.

"ఒక్కర్నడిగితే ఇద్దర్నిచ్చాడు. నేను పోలేదు, ఒకర్ని వెనక్కి తీసుకున్నాడు. ఆయన్నేం అంటాం?" అనేది, తమలపాకు నములుతూ.

ఆ ఏడు రాయి డొక్కల దాకా వచ్చింది. కొత్త సంవత్సరం పండక్కి ఎలాగైనా తీసికెళ్ళి తీరాలని సారున్ పట్టుపట్టాడు. అన్నాల దగ్గర రోజూ అదే మాట.

"అందరిలా బస్సెక్కించే మనిషి కాదు. బుద్ధుల్ని మోసే లారీ అడిగాను, ఇస్తానన్నాడు షావుకారు. పండగ రెండో రోజు పొద్దున. ఆ ఒక్కపూటే," అన్నాడు సారున్, ఎండుచేప విరుచుకుంటూ. "ఇసుక పోసి, మీద గడ్డి పరిచి, అమ్మని పడుకోబెడతాం."

"పడుకోబెట్టడమేంటి శవాన్ని పెట్టినట్టు? అదీ పండగపూట!" అంది అతని భార్య ఫల్లీ.

"కూర్చోబెడితే గుంతల్లో ఒరిగి నడుం దగ్గర విరుగుతుంది. రాయీ కండా కలిసే చోటు గట్టిగా ఉండదు."

"ఒరేయ్, నన్నడగరేంట్రా ఎవరూ?" అంది యాయ్ తన మూల నుంచి. "పడుకునే వస్తాను. తల మాత్రం ముందుకి పెట్టండి. దారి చూస్తూ పోవాలి."

"మరి పోలీసులు ఆపితే?" అంది ఫల్లీ. "గుడి విగ్రహం దొంగతనంగా తీసికెళ్తున్నామని పట్టుకుంటే ఏం చెప్తావ్?"

సారున్ నమలడం ఆపాడు. అది అతనికి తట్టలేదు.

"ఏముందీ, నేను తిడతాను," అంది యాయ్. "తిట్టే విగ్రహాన్ని ఎవడు ఎత్తుకుపోతాడు?"

అందరూ నవ్వారు. థావ్రీ కూడా నవ్వింది గానీ ఆమె మనసు అక్కడ లేదు. ఛేంగ్ అక్క థాయ్‌లాండ్‌కి పనివాళ్ళని చేరవేస్తుంది. రొయ్యల ఫ్యాక్టరీలో పని, ఉండడానికి గది, ఫ్యాన్. పండగ అయ్యాక థావ్రీ కూడా ఆమెతో బయల్దేరాలన్నది మాట. ఈ ఊళ్ళో ఉంటే రాతిపొడి మింగుతూ బుద్ధుల చెవులకి ఉప్పుకాగితం రుద్దుతూ ముసలిదైపోవాలి. మొక్కు తీర్చి వెళ్ళొచ్చని థావ్రీ అనుకుంది. అగరుబత్తులూ తామరమొగ్గలూ తెచ్చే పని తనే నెత్తినేసుకుంది. అరిటాకుల్లో జిగురన్నం కట్టింది.

పండగ మొదటి రోజు మధ్యాహ్నం జనం ఒకళ్ళ మీద ఒకళ్ళు నీళ్ళు చల్లుకుంటూ, మొహాలకి పౌడరు పూసుకుంటుండగా, ఛేంగ్ అక్క వ్యాను ఇంటి ముందు ఆగింది.

"ఇప్పుడే బయల్దేరాలి. పండక్కి సరిహద్దు దగ్గర కాపలా పల్చగా ఉంటుంది. సంచీ సర్దుకో," అంది దిగకుండానే.

"రేపు అమ్మమ్మతో అంగ్‌కోర్ వెళ్తున్నామక్కా. ఎల్లుండి..."

"ఎల్లుండి నేనుండను తల్లీ. వస్తే రా, లేకపోతే నీ సీటుకి వందమంది."

థావ్రీ లోపలికి పోయి సంచీ సర్దుకుంది. మామయ్య తల దించుకుని ఉలి నూరుతున్నాడు. వద్దనలేదు. ఆమెని చదివించలేకపోయినవాడు ఏ నోటితో వద్దంటాడు? ఫల్లీ అత్త జిగురన్నం పొట్లాలు సంచీలో కుక్కింది.

థావ్రీ యాయ్ ముందు మోకాళ్ళ మీద కూర్చుని చేతులు జోడించింది. "వెళ్ళొస్తాను యాయ్. నా బదులు నువ్వే దణ్ణం పెట్టు."

"రేపొక్కరోజు ఉండవే."

"వ్యాను ఆగదు."

"మీ అమ్మా ఇంతే. ఎండెక్కకముందే వచ్చేస్తానంది," అంటూ యాయ్ ఆమె మణికట్టు పట్టుకుంది.

బయట హారన్ మోగింది. థావ్రీ చెయ్యి లాక్కోబోయింది. ఇన్నేళ్ళూ చీమలా పాకిన రాయి, ఆ క్షణాన డొక్కల మీంచి భుజానికీ, భుజం మీంచి మోచేతికీ, వేళ్ళ చివరలకీ ఒక్క పరుగున వచ్చింది. యాయ్ నోరు ఏదో అనబోయి, సగం తెరుచుకుని అలాగే ఉండిపోయింది. కళ్ళు కాసేపు తడిగా మెరిసి, అవీ రాయయ్యాయి.

ఫల్లీ ఘొల్లుమంది. సారున్ తల్లి మొహం మీద చెయ్యి పెట్టి చూసి, నేల మీద చతికిలపడ్డాడు. థావ్రీకి ఏడవడానికి కూడా వీల్లేకుండా హారన్ మోగుతూనే ఉంది.

"ఏమైంది?" అంటూ లోపలికొచ్చిన ఛేంగ్ అక్క చూసింది. "అయ్యో పాపం. సరే, ఆ వేళ్ళు కొట్టేయండి. శిల్పివేగా? ఒక్క దెబ్బ."

"కొట్టు మామయ్యా," అంది థావ్రీ. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని ఆమెకి తర్వాత చాలాకాలం నమ్మబుద్ధి కాలేదు.

సారున్ ఉలి తెచ్చి యాయ్ చిటికెనవేలి మీద పెట్టాడు. సుత్తి ఎత్తాడు. చిన్నప్పుడు జ్వరంలో తన నోట్లో నీటిచుక్కలు రాల్చిన వేలది. సుత్తి దించేశాడు. మళ్ళీ ఎత్తాడు. మళ్ళీ దించేసి, "నాకు చేతకాదు. కావాలంటే ఇంకెవరినైనా పిలుచుకోండి," అని బయటికి నడిచాడు.

ఛేంగ్ అక్క వీధిలోకి వచ్చి గట్టిగా అరిచింది. "ఒక సీటు ఖాళీ! ఎవరొస్తారు?"

నీళ్ళాటలో తడిసి ముద్దయిన లియాక్, పక్కింటి యొన్ పిన్ని కూతురు, మొహాన పౌడరు తుడుచుకుంటూ, "నేనొస్తా," అంది. ఇంట్లోకి పరిగెత్తి పొడిబట్టలు కట్టుకుని వచ్చి ఎక్కేసింది. గుమ్మంలోంచి కనబడుతున్న థావ్రీకి చెయ్యి ఊపింది.

మర్నాడు పొద్దున లారీ అనుకున్నట్టే వచ్చింది. ఇసుక మీద యాయ్‌ని తల ముందుకి పెట్టి పడుకోబెట్టారు. ఆ చేతికి చిక్కుకున్న చెయ్యితో థావ్రీ పక్కన కూర్చుంది. పోలీసులు ఆపారు. తిట్టేవాళ్ళు లేరు. కానీ రాతిచేతిలో ఇరుక్కున్న పిల్లని చూసి, టోపీలు తీసి, వెళ్ళమన్నారు.

అంగ్‌కోర్‌లో కందకం మీది దారి పండగ జనంతో కిటకిటలాడుతోంది. శిల్పులు వెదురుబొంగులకి తాళ్ళు కట్టి యాయ్‌ని భుజాన వేసుకున్నారు. ముక్కూమొహం తెలియనివాళ్ళు కూడా వచ్చి బొంగు పట్టారు. థావ్రీ పక్కన వంగి నడిచింది. తా రీచ్ ముందు దించి, సారున్ అగరుబత్తులు వెలిగించి, నుదురు నేలకి ఆనించి, "తెచ్చానమ్మా. వచ్చేశాం," అన్నాడు. ఆ పొగలో యాయ్ వేళ్ళు విచ్చుకున్నాయి. థావ్రీ చెయ్యి తనంతట తానే జారి ఒళ్ళో పడింది.

తిరిగి మోయబోతుంటే గుడి కాపలావాడు అడ్డంగా నిలబడ్డాడు.

"ఇక్కడి రాయి ఏదీ బయటికి పోకూడదు."

"మా అమ్మయ్యా! ఇప్పుడేగా మీ కళ్ళముందే తెచ్చాం!"

కాపలావాడు యాయ్‌ని చూశాడు, గోడని చూశాడు. రెండింటికీ ఒకే ఎర్రజీర. "లోపలికి తేవడం గురించి నాకెవరూ ఏమీ చెప్పలేదన్నా. బయటికి పోనివ్వడం గురించే చెప్పారు," అన్నాడు నొచ్చుకుంటూ. సారున్ గోడని చాలాసేపు చూశాడు. యాయ్‌ని ఒక మూల, వాకిలి కనబడేలా సర్ది వచ్చేశారు. వాళ్ళు మెట్లు దిగకముందే ఎవరో ఆమె కాళ్ళ దగ్గర అగరుబత్తి గుచ్చారు.

లియాక్ సంగతి పండగ వెళ్ళాక తెలిసింది. సరిహద్దు దాటాక వాళ్ళని కూరగాయల లారీలో, పెట్టెలో కుక్కి తాళం వేశారట. దారిలో పోలీసులు కనబడగానే డ్రైవరు దిగి పారిపోయాడట. రెండు రోజులు ఎండలో నిలబడింది లారీ. తెరిచేసరికి ఒక్కరూ ప్రాణాలతో లేరు. ఛేంగ్ అక్క మళ్ళీ ఆ రోడ్డున కనబడలేదు.

యొన్ పిన్ని నెలరోజులు గుమ్మం దాటలేదు. థావ్రీ ఆ ఇంటి వైపు చూడకుండా నీళ్ళకి వెళ్ళేది, చూడకుండా వచ్చేది. ఒక సాయంత్రం ఆమె పొయ్యి మీద అన్నం పెడుతుంటే పిన్నే వచ్చింది. చిక్కి సగమైంది. ఏం తిడుతుందో, తిడితే బావుండుననే అనుకుంటూ థావ్రీ లేచి నిలబడింది.

పిన్ని తిట్టలేదు. ఆమె చెయ్యి అందుకుని మణికట్టు తిప్పి చూసింది. యాయ్ వేళ్ళు పడిన చోట చర్మం గట్టిగా, సన్నటి ఎర్రజీరతో ఉంది. పిన్ని తన వేళ్ళు ఒక్కొక్కటే ఆ గుర్తుల్లో పెట్టి, పట్టు బిగించింది.

"వెళ్ళొస్తానమ్మా అని నా దగ్గరికొచ్చిందే. చేపలు తోముతున్నాను. నీచు చేతులు, పొడిబట్టలు కట్టావు, ముట్టుకోకు అన్నాను," అంది.

అన్నం అడుగంటుతున్న వాసన వచ్చింది. థావ్రీ చెయ్యి లాక్కోలేదు.